సుత్తి పడని ఇల్లు

మా పడగ్గదిలో మంచానికి స్థిరమైన చోటంటూ ఉండేది కాదు. పైకప్పు మీద ఎక్కడ కొత్తగా బీట కనిపిస్తే అక్కడి నుంచి మంచాన్ని ఇంకోవైపుకు జరిపేవాళ్ళం. నా పెళ్ళయిన కొత్తలో అది కిటికీ పక్కన ఉండేది. తర్వాత బీరువా దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత తలుపుకు అడ్డం వచ్చింది, గదిలోకి రావాలంటే ఒళ్ళు పక్కకు తిప్పుకొని రావాలి. చుట్టాలొచ్చి ఇదేం వాస్తు అని అడిగితే మా ఆయన "స్లాబు వాస్తు" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే ఒకసారి తలెత్తి పైకి చూసేదాన్ని.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, గాలి ఇటు తిరిగితే సముద్రం హోరు వినపడే ఊరు. మా మామయ్య ఆ ఇల్లు కట్టిన ఏడాది రొయ్యలకు మంచి ధర పలికిందట. చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడే స్లాబు వేసేయాలని తొందరపడ్డారు. ఊళ్ళో తాగే నీళ్ళే ట్యాంకరు మీద వచ్చేవి. వాటిని సిమెంటులో పోయడం దండగ అనిపించింది ఆయనకు. రొయ్యల గుంట పక్కన వేసిన బోరు నీళ్ళతోనే కాంక్రీటు కలిపించారు, స్లాబు తడి ఆరకుండా దాని మీద మళ్ళు కట్టి ఆ నీళ్ళే నిలబెట్టారు. ఆ ఏడాది మా వీధిలో లేచిన ఇళ్ళన్నీ అంతే. నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నారు. ఆ నీళ్ళలో ఉన్న ఉప్పు లోపలి ఇనుప కమ్మీలను తింటూ వచ్చింది. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బుతుంది, ఉబ్బి కింద ఉన్న సిమెంటును నెట్టేస్తుంది. పెచ్చులు ఊడడం మొదలయ్యేసరికి మామయ్య లేరు. ఇల్లు కట్టిన సంతోషమంతా ఆయన అనుభవించి వెళ్ళారు, పెచ్చులు మాకు మిగిల్చారు.

ఇంట్లో ఉండేది ముగ్గురం, మా అత్త, మా ఆయన, నేను. ఆయనది రొయ్యల మేత అమ్మే కంపెనీలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, సాయంత్రం మా వరండాలో ట్యూషన్. స్లాబు సంగతి మేమెప్పుడు ఎత్తినా అత్తది ఒకటే మాట.

"ఈ యేడు వద్దులే అబ్బయ్యా, వచ్చే యేడు చూద్దాం."

వచ్చే యేడు వచ్చేది. ఆమె మళ్ళీ వచ్చే యేడు అనేది. పొలం కౌలు డబ్బు, బ్యాంకులో ఉన్నది అంతా ఆమె పేరు మీదే. ఆమె సరేననకపోతే మా జీతాలతో అయ్యే పని కాదది. పిసినారితనం అనుకున్నాం. అంతకంటే విడ్డూరం, గోడకు ఒక మేకు కొట్టాలన్నా ఆమె ఒప్పుకోవాలి. కాలెండరు తగిలించడానికి నేను సుత్తి తీస్తే "ఇప్పుడు కొట్టబాక" అని చేతిలోంచి లాక్కునేది. ఉన్నట్టుండి ఒకరోజు తనే ఆ సుత్తి తెచ్చి నా ముందు పెట్టి, "కొట్టుకొనేవి ఏమన్నా ఉంటే రేపటిలోపల కొట్టుకో" అనేది. కర్టెన్ల కడ్డీ, అద్దం, వంటింట్లో గరిటెల స్టాండు, అన్నీ అలాంటి రోజుల్లో గోడెక్కినవే. ఏ పంచాంగం చూస్తోందో నాకు అంతుపట్టేది కాదు. మా అత్త మేకులకు కూడా ముహూర్తం పెడుతుందని స్కూల్లో చెప్పి నవ్వించాను.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. గురువారం సాయంత్రం ట్యూషన్ పిల్లలు వెళ్ళగానే వచ్చి, "రేపు గుడికొస్తావా అమ్మాయ్?" అని అడిగేది. నెలలో ఆ నాలుగు రోజులు కాకపోతే వెళ్ళేదాన్ని. అవే రోజులైతే "రాను అత్తా" అనేదాన్ని. ఆమె తలూపి లోపలికి పోయేది.

ఆ ఇంట్లో సుత్తి గట్టిగా పడింది నాకు తెలిసి ఒక్కసారే. స్లాబు పని మొదలైన ఏడాదికి నాలుగేళ్ళ ముందటి మాట. పెరట్లో ఉన్న బాత్రూంకు చీకట్లో వెళ్ళి నేను ఒకసారి జారిపడ్డాను. అత్త మరునాడే మేస్త్రిని పిలిపించి, "కోడలి గదిలోనే బాత్రూం కట్టండి" అంది. పడగ్గది వెనక గోడను సమ్మెటతో పగలగొట్టి తలుపు పెట్టారు. ఆ రోజుల్లో నా కడుపులో బిడ్డ ఉన్న సంగతి నాకే తెలియదు. తెలిశాక ఊరంతా మిఠాయి పంచుకున్నాం. మూడో నెలలో పోయింది. నెల్లూరులో డాక్టరమ్మ, ఇలా జరగడం మామూలే, మీరు చేసిన తప్పేమీ లేదు అని చెప్పింది. మా ఇంట్లో కూడా ఎవరూ ఏమీ అనలేదు. కానీ నన్ను పలకరించడానికి వచ్చిన ఒకావిడ గుమ్మం దగ్గర ఇంకొకావిడతో అన్న మాట మంచం మీద ఉన్న నా చెవిన పడింది.

"కడుపుతో ఉండే మనిషిని ఇంట్లో పెట్టుకొని గోడ పగలగొట్టినారంట."

ఈ పట్టింపు నాకు కొత్తది కాదు. మా అమ్మావాళ్ళ బుచ్చిరెడ్డిపాలెంలోనూ ఉంది. గర్భిణి ఉన్న ఇంట్లో సుత్తి పడకూడదంటారు, గోడ తవ్వకూడదంటారు, పైకప్పు విప్పకూడదంటారు. పక్కింటివాళ్ళ ఇల్లు సగంలో ఆగిపోయి ఉంటే కోడలు నీళ్ళోసుకుందేమో అని చిన్నప్పుడు మేమూ అనుకునేవాళ్ళం. చదువుకున్నదాన్ని, లెక్కలు చెప్పేదాన్ని, ఇవన్నీ నమ్మను. కానీ ఆ రోజు ఆ మాట విన్నాక నమ్మకం వేరు, భయం వేరు అని తెలిసింది. నమ్మకపోయినా భయపడొచ్చు. నేను భయపడ్డాను. ఆ తర్వాత ఎక్కడైనా గోడ పగలగొడుతుంటే ఆ వీధి వదిలి ఇంకో వీధిలోంచి నడిచాను.

పోయిన యేటి ముందటి వానల్లో మా వెనక వీధిలో ఒక ఇంటి వాకిట్లో స్లాబు కూలింది. అదీ రొయ్యల బోరు నీళ్ళ స్లాబే. కింద మనిషి లేకపోబట్టి సరిపోయింది, స్కూటర్ నుజ్జయింది. అప్పటి నుంచి మా ఆయన రోజూ పోరుతూనే ఉన్నారు. అత్త వినీ విననట్టు ఉంది. మళ్ళీ వానాకాలం దగ్గర పడుతుండగా, ఒక శుక్రవారం పొద్దున గుడి నుంచి వస్తూనే చెప్పులు విడవకుండా కొడుకును పిలిచింది.

"మేస్త్రికి చెప్పు అబ్బయ్యా. స్లాబు పగలగొట్టించి కొత్తది ఏసేద్దాం. ఈ రెండు మూడు రోజుల్లోనే మొదలుపెట్టాల."

మా ఆయన అక్కడికక్కడే మేస్త్రికి ఫోను చేశారు. నేను వంటింట్లో గోడ పట్టుకొని నిలబడిపోయాను. ఎందుకంటే నాకు నెల తప్పిందని అంతకు ముందే తేలింది. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు. పోయినసారి ముందే అందరికీ చెప్పి, తర్వాత అందరికీ లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఈసారి మూడో నెల దాటేదాకా నోరు విప్పకూడదనుకున్నాను. మా ఆయనకు చెబితే వాళ్ళమ్మకు చెప్పినట్టే, ఆయన మొహం ఏదీ దాచుకోలేదు.

ఇప్పుడేం చేయాలి? చెబితే అత్త ఆ క్షణమే పని ఆపేస్తుంది. ఆపేస్తే ఈ వానలన్నీ, పురుడు వచ్చేదాకా ఆ కప్పు కిందే పడుకోవాలి. తడిసిన స్లాబే ఎక్కువ ఊడుతుంది. చెప్పకపోతే నేను ఇంట్లో ఉండగానే సమ్మెట పడుతుంది. ఆ తర్వాత ఏదైనా జరిగితే డాక్టరమ్మ ఎంత చెప్పినా నా మనసు ఒప్పుకోదు. అమ్మగారింటికి పోదామంటే స్కూలు మధ్యలో ఎందుకు పోతున్నావని అడుగుతారు, అడిగితే చెప్పాలి. రెండు వైపులా గొయ్యే కనిపించింది. ఆ రోజు స్కూల్లో బోర్డు మీద ఒక సులువైన లెక్క తప్పు చేశాను, పిల్లలు నవ్వారు.

శనివారం మేస్త్రి వచ్చాడు. ఒక పొడుగాటి కర్రతో పైకప్పును అక్కడక్కడా తట్టుకుంటూ తిరిగాడు. గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, డొల్లగా ఉన్నచోట ఇంకో చప్పుడు. డొల్ల చప్పుడే ఎక్కువ. అది సుత్తి కాదు, కర్రే. అయినా నేను ఇంట్లో ఉండలేక వీధిలోకి వచ్చి నిలబడ్డాను.

"ఏందమ్మాయ్, బయట నిలబడినావు?" అంది అత్త.

"దుమ్ము అత్తా."

"కర్రతో తడితే దుమ్మేందమ్మా" అని నన్ను ఒక చూపు చూసి లోపలికి పోయింది.

హాలు, పడగ్గది స్లాబు మొత్తం తీసేయాల్సిందేనన్నాడు మేస్త్రి. పూత పూస్తే ఇంకో యేడు ఆగుతుంది, అంతే, ఆ పైన మీ ఇష్టం అన్నాడు. ఎంతవుతుందని అడిగితే తల గోక్కున్నాడు. "మనోళ్ళ మధ్య రేటేముంది మేడమ్, చూసుకుందాం" అన్నాడు. ఆ 'చూసుకుందాం'లో ఎన్ని లక్షలున్నాయో తేల్చకుండా పని మొదలుపెట్టకూడదని నేను పట్టుబట్టాను. మా ఆయనకు అది నా జాగ్రత్తలాగా కనిపించింది. నిజానికి నాకు కావాల్సింది వ్యవధి. లెక్క తేలేదాకా సుత్తి పడదు, అందుకని ఆ లెక్కను ఎంత సాగదీయగలనో అంత సాగదీద్దామనుకున్నాను.

మా వరండా గోడకు ట్యూషన్ కోసం నల్లరంగు వేయించిన బోర్డు ఉంది. ఆదివారం పొద్దున దాని మీద ఉన్న భిన్నాలు చెరిపేసి ఇంటి లెక్క రాయడం మొదలుపెట్టాను. పాత స్లాబు పగలగొట్టడం, ఆ రాళ్ళూ రద్దూ ట్రాక్టరుతో తోలించడం, సెంట్రింగు, కమ్మీలు, సిమెంటు, కంకర. ఇసుక దగ్గర ఆగి, సంగం వైపు నుంచి వచ్చే పెన్నా ఇసుకే కావాలన్నాను. నీళ్ళ దగ్గర ఆగి, మంచినీళ్ళ ట్యాంకర్లే అని రాసి రెండు గీతలు కొట్టాను. మా ఆయన పక్కన కుర్చీ వేసుకొని ఉత్సాహంగా తన కోరికలు చెబుతున్నారు. వాకిట్లో టైల్స్, వంటింట్లో పైనుంచి కిందిదాకా అలమరలు, ముందు గోడకు రాయి. నేను అడ్డు చెప్పకుండా అన్నీ రాశాను. బోర్డు ఎంత నిండితే నాకు అంత మంచిది. అన్నిటికంటే కింద, మామూలుగా ఉన్నట్టు కనిపించాలని, చిన్న అక్షరాలతో 'అద్దె' అని రాశాను.

"అద్దెందుకు?" అన్నారాయన.

"పని అయ్యేదాకా ఎక్కడుంటాం?"

"ముందు హాల్లో పడుకొని గది చేయిద్దాం. తర్వాత గదిలో పడుకొని హాలు చేయిద్దాం." అంటూనే అరచేత్తో ఆ మాట తుడిచేశారు. "ఆ డబ్బుతో వాకిలి టైల్స్ వచ్చేస్తాయి."

"నాకు దుమ్ము పడదు."

"బాత్రూం కట్టినప్పుడు ఇంట్లోనే ఉన్నాం గదా, అప్పుడు పడిందే!"

ఏమన్నారో ఆయనకు వెంటనే అర్థమైంది. చేతికంటిన సుద్దను పంచెకు తుడుచుకుంటూ వీధివైపు చూశారు. నేను సుద్దముక్క తీసుకొని 'అద్దె' అని మళ్ళీ రాశాను, ఈసారి కొంచెం పెద్ద అక్షరాలతో.

ఇంతలో అత్త వచ్చింది. బోర్డు వైపు చూడనైనా చూడలేదు.

"ఈ లెక్కలు నిదానంగా ఏసుకోవచ్చు. రేపు పొద్దున్నే మేస్త్రిని రమ్మను అబ్బయ్యా, ముందు ఒక దెబ్బ పడనీ."

అన్నేళ్ళు వద్దు వద్దన్న మనిషికి ఇప్పుడు ఇంత తొందరేమిటో నాకు అర్థం కాలేదు. ఎవరో తరుముతున్నట్టు ఉంది ఆమె వాలకం. కమ్మీలకు ఇంకో రెండు కొట్లలో ధర అడగాలన్నాను. అనుకోని ఖర్చులకని కొంత పక్కన పెట్టాలి, అది ఎంతో తేలాలన్నాను. కరెంటు పనివాడు ఇంకా చెప్పలేదన్నాను. మన పెళ్ళికి కూడా ఇంత లెక్క వేయలేదని మా ఆయన విసుక్కున్నారు. మొత్తం కూడితే తొమ్మిది లక్షలు దాటింది, మా దగ్గర ఉన్నది ఏడు. మామూలుగా అయితే ఆ తేడా చూసి నా గుండె జారాలి. ఆ రోజు మాత్రం హమ్మయ్య అనుకున్నాను. రెండు లక్షలు తేలేదాకా ఎవరూ సుత్తి ఎత్తరు కదా!

"తక్కువపడేది నేను తెస్తాలే" అంది అత్త. "గాజులున్నాయి. రేపు మాత్రం పని మొదలవ్వాల."

ఆ మాటతో నా లెక్కల తెలివి అయిపోయింది. లోపలికి వెళ్ళి మంచం మీద పడుకున్నాను.

ఆ సాయంత్రం శ్రీహరికోట నుంచి రాకెట్టు పోయే వేళ ఉంది. అలాంటప్పుడు మా వీధి పిల్లలందరూ మా మిద్దెక్కుతారు, వీధిలో అన్నిటికంటే ఎత్తు అదే. "ఎక్కబాకండిరా, దిగండి!" అని అత్త కింద నుంచి అరుస్తూనే ఉంది. మా ఆయన సెల్‌ఫోను పట్టుకొని పిల్లలకంటే ముందు పైనున్నారు. నాకు లేవబుద్ధి కాలేదు. చేపల పులుసు వాసనకు కడుపులో తిప్పుతోంది. పైన పరుగులు వినపడుతున్నాయి. ప్రతి అడుగూ నా ముఖం మీదే పడుతున్నట్టుంది. దిండు మీద సన్నగా ఇసుక రాలింది. ఇది రోజూ రాలే ఇసుకేలే అని చేత్తో దులిపాను.

"అదిగో! అదిగో!" అని పైనుంచి కేక వచ్చింది.

చూడాలని లేచానో, ఆ అడుగుల కింద ఉండలేక లేచానో చెప్పలేను. పెరట్లోకి వచ్చి దక్షిణం వైపు చూశాను. తాటిచెట్ల పైన నారింజరంగు వెలుగు నిదానంగా లేస్తోంది. పైన పిల్లలు గెంతులు వేస్తున్నారు. అప్పుడు ఇంట్లో బియ్యం బస్తా దించినట్టు ఒక చప్పుడైంది.

గదిలో దుమ్ము. మంచం కోడు ఒకటి విరిగి పక్కకు వంగింది. నా దిండు మీద, ఇంకా నా తల గుంట అలాగే ఉన్న చోట, పీటంత పెచ్చు పడి ఉంది. దాని అడుగున తుప్పు ఎర్రగా, కమ్మీల గుర్తులు పక్కటెముకల్లాగా ఉన్నాయి. పైన కమ్మీలు బయటపడి కనిపిస్తున్నాయి. నేను అక్కడే కూలబడ్డాను. నా రెండు చేతులూ కడుపు మీదికి పోయాయి. పోకుండా ఆపుకోలేకపోయాను.

అందరికంటే ముందు వచ్చింది అత్త. దిండు చూసింది, తర్వాత నా చేతులు చూసింది.

"నాకు నెల తప్పింది అత్తా" అన్నాను.

ఆమె సంతోషించలేదు, ఏడవలేదు. తెల్లబోయి నా మొహంలోకి చూసింది.

"గురువారం గుడికి రానంటివే!"

"వాంతి వచ్చేట్టు ఉండి రానన్నాను."

అత్త గోడకు ఆనుకొని జారుతూ నా పక్కనే నేల మీద కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు అప్పటికీ అర్థం కాలేదు. గుడికీ దీనికీ ఏమిటి సంబంధమని అడిగాను. పైన పిల్లలు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

"ఆ బాత్రూం కట్టించింది నేను గదమ్మా" అంది. "నీకు మేలు చేస్తున్నాననుకొని కట్టించినా. నీ కడుపులో ఉండేది నీకే తెలీదు, నాకేం తెలుస్తుంది? అది పోయినాక ఈ ఇంట్లో సుత్తి ఎత్తాలంటే నా చెయ్యి లేవదు. ఏ పూట నీ కడుపున ఏం పడిందో ఎవురికి తెలుసు? అడిగితే నువ్వు బాధపడతావు. అందుకని గుడికొస్తావా అని అడిగేదాన్ని. రానంటే, ఆ నాలుగు రోజులే నాకు ధైర్యం."

"మేకులకు కూడానా?"

"మేకులకు కూడా."

"స్లాబో?"

"అది నాలుగు రోజుల పని కాదు గదమ్మా. అయినా ఈసారి ఆ నాలుగు రోజుల్లోనే మొదటి దెబ్బ పడితే చాలనుకున్నా. మొదలయ్యేనాటికి కడుపు లేకుంటే తర్వాత వచ్చినా దోషం లేదంటారు. గురువారం నువ్వు రానంటే, దేవుడే చెప్పినాడనుకున్నా."

నాకు మొదట వచ్చింది కోపమే. నాలుగేళ్ళు ఈ మనిషి భయపడి నా తల మీద కప్పు కుళ్ళనిచ్చింది. ఎవరి కోసం భయపడిందో ఆ మనిషినే దాని కింద పడుకోబెట్టింది. ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే! ఆ మాట అనబోయి ఆగాను. నేను మాత్రం నోరు తెరిచానా? పిసినారి అన్నాను, మేకుల ముహూర్తమని స్కూల్లో నవ్వించాను. నాకు ఆమె మీద జాలి వేసింది, నా మీద నాకూ జాలి వేసింది. ఇద్దరం ఆ దుమ్ములోనే కూర్చుని ఏడ్చాం. మా ఆయన కిందికి దిగివచ్చి మమ్మల్నీ దిండునూ చూసి, ఎవరి దగ్గరికి ముందు రావాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయారు.

పెచ్చు పడిన దుమ్ము ఇంకా అణగకముందే అత్త లేచి వరండాలోకి వెళ్ళింది. బోర్డు మీద వాకిలి టైల్స్ తుడిచేసింది. అలమరలు తుడిచేసింది, ముందు గోడ రాయి తుడిచేసింది. 'అద్దె' ఒక్కదాన్నీ అలాగే ఉంచి, దాని చుట్టూ సుద్దతో గుండ్రంగా గీత గీసింది.

ఊరవతల రోడ్డు పక్కన రెండు గదుల పోర్షన్ దొరికింది. మంచం కోడు బాగుచేయించే పని కూడా పెట్టుకోకుండా సామాను తోలేశాం. నేను గడప దాటి, ఆటో ఎక్కి, ఆటో వీధి మలుపు తిరిగేదాకా మేస్త్రిని సమ్మెట పట్టుకోనివ్వలేదట అత్త. ఆ తర్వాత నేను ఆ ఇంటి వైపు వెళ్ళలేదు. మా ఆయన ఫోనులో ఫోటోలు తీసుకొస్తే అత్త అవి కూడా చూడనిచ్చేది కాదు. "అది పగిలిన ఇల్లు, చూడబాక" అనేది. నేను నమ్మనుగానీ, చూడలేదు.

ఇల్లు మారితే భయం పోతుందనుకున్నాను. పోలేదు. అద్దింట్లో కప్పు బాగానే ఉంది, అయినా మంచం ఎక్కడ వేసుకోవాలో తెలిసేది కాదు. ఎక్కడో ఒక కొబ్బరికాయ కొట్టినా ఉలిక్కిపడేదాన్ని. మూడో నెల వచ్చినప్పుడు నేనూ అత్తా ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మానేశాం. ఆ నెలంతా ఆమె అన్నంలో చెయ్యి పెట్టి కూర్చునేది, తినేది కాదు. మూడో నెల దాటి నాలుగు వచ్చింది. అప్పటికి వానలు పట్టాయి, వాయుగుండమని పని ఆగింది. స్లాబు లేని ఇంటి గోడలు తడిశాయి, సెంట్రింగు చెక్కలు ఉబ్బాయి, మళ్ళీ కొత్తవి తేవాల్సి వచ్చింది. మేం అంత కొట్లాడి చిన్న అక్షరాలతో రాసుకున్న అద్దె నెల నెలా పెరిగి, సిమెంటును కూడా దాటిపోయింది. అత్త గాజులు పోయాయి. అనుకోని ఖర్చులకని నేను పక్కన పెట్టింది ఎప్పుడో అయిపోయింది. డబ్బు గురించి భయపడడానికి మాకు తీరిక లేకపోయింది, మా భయమంతా ఇంకోచోట ఉంది.

సంక్రాంతి దాటాక స్లాబు పోశారు. మంచినీళ్ళ ట్యాంకర్లు వచ్చిన ప్రతిసారీ అత్త గ్లాసుతో పట్టుకొని తాగి చూసి, ఆ తర్వాతే కలపనిచ్చిందని మేస్త్రి మా ఆయనతో చెప్పుకొని వాపోయాడు. పని ఆలస్యమవుతోందని అతని బాధ.

వేసవి మొదట్లో పాప పుట్టింది. పుట్టేదాకా ఇంట్లోకి పసిపిల్లల జుబ్బా ఒకటి కూడా కొననివ్వలేదు అత్త, ముందుగా కొనకూడదని. నేను గడప దాటిన ఇంట్లో మళ్ళీ అడుగుపెట్టింది పాపను ఎత్తుకొనే. గోడలకు ఇంకా రంగు వేయలేదు, వేయడానికి ఏమీ మిగల్లేదు. వంటింట్లో పాత అలమరలే. పడగ్గదిలోకి వెళ్ళి అలవాటుగా తలెత్తాను. తెల్లగా, నున్నగా ఉంది కప్పు. మధ్యలో ఫ్యాను కొక్కెం. దానికి కొంచెం అవతల, అంతకు ముందు నా దిండు ఉన్న చోటికి సరిగ్గా పైన, ఇంకో కొక్కెం.

"రెండో ఫ్యాను ఎందుకు?" అన్నాను.

మా ఆయన అత్త వైపు చూశారు. స్లాబు పోసే రోజు మేస్త్రి కూడా అదే అడిగాడట. ఆమె జవాబు చెప్పకుండా, "పెట్టమన్నాను గదా, పెట్టు" అందట. అప్పటికి నాకు ఏడో నెల. ఒక జుబ్బా కొనడానికి భయపడిన మనిషి, పుడుతుందో పుట్టదో తెలియని బిడ్డకు ఉయ్యాల కొక్కెం పెట్టించుకుంది. స్లాబు ఆరాక పెట్టాలంటే మళ్ళీ పగలగొట్టాలి, ఈ ఇంట్లో ఇంక సుత్తి పడకూడదని ఆమె లెక్క.

ఇరవై ఒకటో రోజు పాపను ఉయ్యాలలో వేశారు. అంతకు ముందు రోజు ఆ కొక్కేనికి అత్త బియ్యం బస్తా వేలాడదీసి, పొద్దుపోయేదాకా దాని కిందనే కూర్చుంది. మర్నాడు తన పాత నేతచీరను తాళ్ళకు ముడేసి ఉయ్యాల కట్టింది. పాపను అందులో పడుకోబెట్టమంటే నా చేతులు కదల్లేదు. చుట్టూ ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు, సిగ్గుపడుతోందని నవ్వారు. అత్త నా చేతుల కింద తన చేతులు పెట్టింది. ఇద్దరం కలిసి పడుకోబెట్టాం. ఉయ్యాల ఊగింది, పైన కొక్కెం కిర్రుమంది. వచ్చినవాళ్ళందరూ వంగి పాపను చూస్తున్నారు. నేనూ అత్తా మాత్రం తలలెత్తి కప్పునే చూస్తున్నాం.